విద్యార్థి గ్రంథసేకరణము

వ్యాసరచనకు, వక్తృత్వమునకు, పద్యధారణకు పోటీలు పెట్టి బహుమానములు పంచడము మన కళాశాలలలో చిరకాలముగా ఉన్న ఆచారము. విద్యార్థి తన గదిలో పేర్చుకొన్న పుస్తకములకు పోటీ పెట్టి, ఆ బహుమానమును విశ్వవిద్యాలయ గ్రంథాలయమే ఇవ్వడమన్నది మాత్రము మనలో పలువురకు వింతగా తోచును. చదివినవానికి ఇవ్వవచ్చును, వ్రాసినవానికి ఇవ్వవచ్చును, కొన్నవానికి ఎందుకు? కొనడము ధనము గలవాడు చేయగల పని, అందులో ప్రతిభ యేమున్నది? ఈ సందేహము నాకును ఉండెడిది. కొంత పరిశీలించిన మీదట అది సగము తీరినది. మిగిలిన సగము మరింత బలపడినది. రెండింటిని గురించియు ఇక్కడ చెప్పదలచినాను.

ఈ పోటీలకు పుట్టినిల్లు అమెరికా. ఫిలడెల్ఫియాలో విద్యుత్పరికరముల వ్యాపారము చేసి ధనము గడించిన ఎడ్వర్డ్ న్యూటన్ (1864–1940) పెద్ద చదువులు చదివినవాడు కాడు. డాక్టర్ జాన్సన్ మీద ఉన్న మక్కువతో పుస్తకములు కూర్చి, ఆ కూర్చడములోని సుఖములను గురించి 1918లో ఒక వ్యాససంపుటము ప్రకటించినాడు. ఆ దేశములో ఒక తరమువారికి సేకరణపు పిచ్చి పట్టించినది ఆ పుస్తకమే. ఫిలడెల్ఫియాకు సమీపముననున్న స్వార్త్‌మోర్ కళాశాలలో విద్యార్థుల సొంత గ్రంథసంచయములకు ఆయన పేరిట బహుమానము 1930 ప్రాంతమున నెలకొన్నది. యేల్ విశ్వవిద్యాలయములో ఏడ్రియన్ వాన్ సిండరన్ 1957లో ఇటువంటిదే ఏర్పాటు చేసినాడు. తరువాత హార్వర్డు, షికాగో మొదలైనవి అనుసరించినవి. 2005లో ఆయా కళాశాలల విజేతలకు మరల దేశవ్యాప్తమైన పోటీ యొకటి ప్రారంభమైనది. ఇంగ్లండు ఈ విషయమున వెనుకబడినదనియే చెప్పవలెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయములో రోజ్ బహుమానము ఏర్పడినది 2006లో. ఐరోపా విశ్వవిద్యాలయములు ఏటేట ఇచ్చెడి ఇట్టి బహుమానములలో అదియే మొదటిది. ఆక్స్‌ఫర్డులో బాడ్లియన్ గ్రంథాలయము ఇచ్చెడి బహుమానము పుస్తకవర్తకుడును, సేకర్తయు, ఆ విషయమై గ్రంథకర్తయు అయిన కాలిన్ ఫ్రాంక్లిన్ (1923–2020) పేరిట ఉన్నది.

నియమములు ఇంచుమించు అన్నిచోట్ల ఒకటే. పుస్తకములు విద్యార్థి సొంతములై ఉండవలెను. తానే కూర్చినవై ఉండవలెను. వాని జాబితా, ఒక్కొక్క పుస్తకమును గురించి చిన్న వివరణ, మొత్తము సంచయమును గురించి ఒక లఘువ్యాసము సమర్పించవలెను. కొన్నిచోట్ల ఇంకను సంపాదింపగోరుచున్న పుస్తకముల పేర్లును వ్రాయమంటారు. తీర్పరులు చూచునది ధనమూల్యము కాదు. ఈ పుస్తకములు ఒకచోట ఎందుకున్నవి, ఒకదానికొకటి ఏమగును, ఇవన్నియు కలిసి విడివిడిగా చెప్పలేనిదేదైన చెప్పుచున్నవా అన్నదే పరీక్ష. కేంబ్రిడ్జి నియమములలో బుద్ధికుశలత, నూతనత్వము, ఏకసూత్రత, పట్టుదల లెక్కకు వచ్చును. వెల లెక్కకు రాదు.

ఇందుచేత నా మొదటి సందేహమునకు సమాధానము దొరకినది. నూరు కావ్యములు కొని అద్దాల బీరువాలో పెట్టినవాడు ఈ పోటీలో ఓడును. ఒకే నిఘంటువు యొక్క ఏడు ముద్రణములు పాతపుస్తకముల బండ్ల మీద ఏరి, ఏ ముద్రణములో ఏ మాట చేరినదో, ఏ మాట జారినదో గుర్తించినవాడు గెలువవచ్చును. మొదటివాడు చేసినది క్రయము. రెండవవాడు చేసినది విమర్శ. ఏరుకొనడము, విడిచిపెట్టడము, పక్కపక్కన పెట్టి పోల్చడము అను మూడు పనులును విమర్శకునివే గదా. కలము పట్టక ముందే విమర్శ చేయుట నేర్పెడి సాధనముగా ఈ పోటీని చూచినప్పుడు దానిమీద నాకు గౌరవము కలిగినది.

అయితే సార్వజనికోపయోగము కొరకు పుట్టిన గ్రంథాలయము వ్యక్తి స్వామ్యమును ఎందుకు ప్రోత్సహించవలెను? పుస్తకములు వినియోగము కొరకే యని 1931లో సూత్రీకరించిన రంగనాథన్ మహాశయుని దేశములో ఈ ప్రశ్న తప్పక వచ్చును. దీనికి సమాధానము బాడ్లియన్ గ్రంథాలయ చరిత్రలోనే ఉన్నది. సర్ థామస్ బాడ్లీ 1610లో లండను ముద్రాపకుల సంఘముతో ఒడంబడిక చేసికొని, అచ్చైన ప్రతి పుస్తకము యొక్క ఒక ప్రతి తన గ్రంథాలయమునకు వచ్చునట్లు చేసినాడు. ఎంతో దూరదృష్టి గలవాడు. ఆయనయే నాటకములను మాత్రము చెత్తగా ఎంచి, నలువదింటిలో ఒకటియైన దాచదగినది ఉండదని తన గ్రంథపాలకునికి వ్రాసినాడు. ఆయన మరణించిన పదేండ్లకు, 1623లో, షేక్‌స్పియరు నాటకముల మొదటి సంపుటము వెలువడినది. ఒడంబడిక ప్రకారము గ్రంథాలయమునకు చేరినది. బైండు చేయించినారు, అరలో గొలుసుతో కట్టినారు. తరువాత 1664లో మూడవ ముద్రణము వచ్చిన పిమ్మట పాతది అనవసరమని తలచి అమ్మివేసినారు! రెండువందల యేండ్లకు పైగా అది ఎక్కడ ఉన్నదో గ్రంథాలయమునకు తెలియదు. 1905లో ఒక విద్యార్థి తన యింటి పుస్తకమొకటి, బైండు శిథిలమైనదని, సలహా కొరకు బాడ్లియన్‌కు తెచ్చినాడు. చూచినవారు ఆ బైండును బట్టి అది తమ పాత ప్రతియేనని గుర్తుపట్టినారు. మరుసటి యేడు చందాలు పోగుచేసి, మూడువేల పౌండ్లిచ్చి, ఒకప్పుడు తమదైన పుస్తకమును మరల కొనుక్కొన్నారు.

గ్రంథాలయమును ఎగతాళి చేయుటకు ఈ కథ చెప్పలేదు. ఏ సంస్థకైనను తన కాలపు అభిరుచియే కొలబద్ద. ఆ కొలబద్దకు అందనిది బతికిబట్టకట్టవలెనన్న, ఎవడో యొకడు తన యిష్టము కొద్ది దానిని ఇంట దాచుకొనవలెను. శామ్యూల్ పెపిస్ (1633–1703) దినచర్య వ్రాసినవాడుగా ప్రసిద్ధుడు. ఆయన మూడువేల సంపుటములను పొట్టివాని నుండి పొడుగువాని వరకు ఎత్తు ప్రకారము పేర్చుకొన్న వింతమనిషి కూడ. ఆ మూడువేలలో వీధులలో పాడుచు అమ్మిన బాలడ్ కాగితములు సుమారు 1,800 ఉన్నవి. పెన్నీకి అమ్మిన హాస్యపు పొత్తములున్నవి. నాటి పండితులెవరును వానిని వాఙ్మయమనలేదు. నేడు ఆంగ్లజానపద సాహిత్యమును గురించి వ్రాయువారు కేంబ్రిడ్జిలో మాడ్లెన్ కళాశాలలో ఉన్న ఆ బీరువాల దగ్గరకు పోక తప్పదు.

సేకర్తకు అలవడెడి చూపు ఎట్టిదో తెలియుటకు 1934 నాటి వృత్తాంతము ఒకటి ముఖ్యమైనది. థామస్ వైజ్ అను నాతడు ఇంగ్లండులో సేకర్తలకు గురుపీఠము వంటివాడు. ఆయన ఏది ప్రథమముద్రణమన్న అదియే ప్రథమముద్రణము. జాన్ కార్టర్, గ్రహమ్ పొలార్డ్ అను ఇద్దరు యువకులు, పుస్తకవ్యాపారమున ఉన్నవారు, ఆయన ప్రచారములోనికి తెచ్చిన కొన్ని చిన్నపొత్తములను అనుమానించినారు. వానిలో ఎలిజబెత్ బ్రౌనింగు సానెట్లు 1847లో రెడింగులో అచ్చైనట్లు ముఖపత్రము మీద ఉన్నది. వీరు కవిత్వమును చూడలేదు, కాగితమును చూచినారు. సూక్ష్మదర్శినితో పరిశీలించగా అది రసాయనములతో ఉడికించిన కొయ్యగుజ్జు కాగితము; ఆ రకము 1874కు ముందు ఇంగ్లండులో లేదు. అచ్చులను చూచినారు, అందులోని కొన్ని అక్షరముల పోత 1847 నాటికి ఇంకను పుట్టలేదు. వానిని వాడిన ముద్రణాలయము ఏదో కూడ తేల్చినారు. ఒక మహాసేకర్త కీర్తి కూలిపోయినది. ఆంగ్లకవుల గ్రంథసూచికలు దిద్దుకొనవలసి వచ్చినది. విశ్వవిద్యాలయములలోని ఆచార్యులు ఏండ్ల తరబడి ఆ పొత్తములను నమ్మి వ్యాసములు వ్రాసినారు; దొంగను పట్టినది మాత్రము పుస్తకమును చేతితో తడిమి చూచెడి అలవాటు గలవారు.

ఇక విద్యార్థులు వ్రాసెడి రచనల సంగతి. వీనిని ఒక వాఙ్మయప్రక్రియగా తీసికొని మాటాడిన, లఘువ్యాసము కంటె జాబితాలోని వివరణలే మేలని నా అభిప్రాయము. వ్యాసము త్వరలోనే ఒక మూసలో పడును. చిన్నతనములో అవ్వయో తాతయో ఇచ్చిన తొలిపుస్తకము, వానకు తడిసి దూరిన పాతపుస్తకముల దుకాణము, అక్కడ దొరకిన అపూర్వప్రతి, దానివలన మారిన జీవితము: ఇదే క్రమము. మన నవలలలో నాయిక రైలులో ఎదురుపడినట్లు, వీనిలో పుస్తకము దుకాణపు మూలలో ఎదురుపడును. తీర్పరి కన్ను చెమర్చవలెనన్న ప్రయత్నము ప్రతి వాక్యములోను కనబడును. జాబితాలో ఆ అవకాశము లేదు. రెండు మూడు పంక్తులలో ఈ ప్రతి ఎందుకు, ఇందులో ఇతర ప్రతులలో లేనిది ఏమి, ఇది దీని తరువాతి దానికి ఏమగును అని చెప్పవలెను. అక్కడ తెలిసినవాడు, తెలియనివాడు వెంటనే తేలిపోవుదురు.

మనలో ఈ విద్యకు పేరు లేదు గాని విద్య లేకపోలేదు. మన పూర్వపరిష్కర్తల పీఠికలు చదివినవారికి ఇది తెలియును. మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవమును 1909లో ప్రకటించక ముందు తెలుగు సాహిత్యచరిత్రలో ఆ కవికి చోటే లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి ఏ ప్రబంధములోను చేరక జనుల నోళ్లలోను, తాటాకుల అంచులలోను మిగిలిన చాటుపద్యములను కూర్చి మణిమంజరి చేసినాడు. అంతకు ముందు సి. పి. బ్రౌన్ తన సొంత జీతములో నుండి పండితులకు, లేఖకులకు ఇచ్చి వ్రాయించిన ప్రతులు మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకు మూలధనములలో ఒకటైనవి. వీరందరును సేకర్తలే. పాశ్చాత్యుల పోటీలో విద్యార్థి వ్రాయవలసిన వివరణ మన పీఠికలలోని మాతృకావివరణమునకు తమ్ముడు.

తాటాకు గ్రంథములకు ఇంతమంది దొరకినారు గాని అచ్చుపుస్తకమునకు దొరకలేదు. అచ్చైనది గదా, ఎక్కడనో ఉండక పోవునా అని మన ధీమా. గురజాడ కన్యాశుల్కము 1897లో వెలువడిన రూపము వేరు, 1909లో వెలువడిన రూపము వేరు. రెండవది మొదటిదానికి దిద్దుబాటు కాదు, ఇంచుమించు క్రొత్త నాటకము. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూచినవారికి గాని ఆ పన్నెండేండ్లలో గురజాడ ఎంత ఎదిగినాడో తెలియదు. రెండవ కూర్పు ప్రసిద్ధమైన తరువాత మొదటిది ఎవరికి కావలెను? బాడ్లియన్ వారు అడిగిన ప్రశ్నయే ఇది. దానిని ఎవరో పారవేయకుండ ఉంచినందున మనకు ఆ విమర్శ సాధ్యమైనది. నేటి రచయితలలో ఎందరి మొదటి సంపుటములు వారి ఇంటనైన ఉన్నవి? ప్రతి రచయితయు ఈ ప్రశ్న ఒకసారి వేసికొని, బీరువా తెరచి చూడవలెనని నా ప్రార్థన. రైలుస్టేషన్లలో వేలకొలది అమ్ముడుపోయిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు నవలలు, బుర్రకథల పొత్తములు, నాటకసమాజముల కరపత్రములు, సంతలలో గోనెపట్టా మీద పరచి అమ్మిన పాటల పుస్తకములు చెదలకును, పొట్లములకును పోయినంతగా గ్రంథాలయములకు పోలేదు.

తమిళులకు ఒక రోజా ముత్తయ్య దొరకినాడు. చెట్టినాడులో కోట్టైయూరు వాసి. వృత్తి దుకాణములకు పేరుపలకలు వ్రాయడము. పుస్తకములతోపాటు నాటకప్రకటనలు, ఆహ్వానపత్రికలు కూడ విడువక యాభైవేలకు మించి కూర్చినాడు. 1992లో ఆయన మరణించిన పిమ్మట షికాగో విశ్వవిద్యాలయము ఆ సంచయమును కొన్నది. కొని తన దేశమునకు తరలించుకొని పోక, మదరాసులోనే గ్రంథాలయముగా నిలిపినది. తన విద్యార్థుల సేకరణకు బహుమానమిచ్చెడి విశ్వవిద్యాలయమే పేరుపలకల చిత్రకారుని సేకరణకు విలువ కట్టగలిగినదన్నది కాకతాళీయము కాదనియే అనుకొనుచున్నాను.

ఇంతవరకు మెచ్చుకోలు. మిగిలిన సగము సందేహమును దాచుట న్యాయము కాదు.

పుస్తకములు విద్యార్థి సొంతములై ఉండవలెనన్న నియమము ఆ దేశములకు సరిపోవచ్చును. మన సేకరణ సంప్రదాయము వ్యక్తిది కాదు, ఊరిది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సభ జరిగిననాటి నుండి, అంతకు ముందు నుండియు, ఊరివారు తలా ఒక పుస్తకమిచ్చి, పిడికెడు బియ్యము దాచి గ్రంథాలయములు కట్టినారు. వేటపాలెములో 1918లో పుట్టిన సారస్వతనికేతనము నేటికిని పరిశోధకులకు పాతపత్రికలు చూపుచున్నదన్న, అది ఏ ఒక్కరి బీరువాయో కాదు. తాతగారి పెట్టెలోని పుస్తకములను బాగుచేసి, తెగిన పుటలు కుట్టి, జాబితా వ్రాసిన విద్యార్థి ఆ పోటీలో అనర్హుడు. ఎందుకన, తాను కొనలేదు. నా దృష్టిలో అతడే ప్రథముడు. రెండవది, పుస్తకము యొక్క స్థితిని లెక్కించుట. కేంబ్రిడ్జి చలిలో పుస్తకము నూరేండ్లు మెరయుచు ఉండును. కాకినాడ ఉప్పుగాలిలో ఇరువదియేండ్లకు పసుపుపచ్చనై పెళుసెక్కును. మన పోటీలో పుస్తకము చెడకుండ విద్యార్థి ఏమి చేసినాడో అడుగవలెను గాని అది ఎంత నిగనిగలాడుచున్నదో అడుగరాదు.

మూడవది మరికొంత నిష్ఠురము. అమెరికాలోని జాతీయపోటీకి అరుదైన పుస్తకములు అమ్మెడి వర్తకుల సంఘము అండగా నిలిచినది. వారిలో విద్వాంసులు లేకపోలేదు. కార్టరు, పొలార్డు ఆ వర్తకములోని వారేనని పైన చెప్పియే ఉన్నాను. అయినను నేటి విద్యార్థి రేపటి గిరాకి అన్న ఎరుక ఆ అండలో లేదని అనలేము. ధనమూల్యము లెక్కకు రాదని నియమములో వ్రాసినను, వస్తువు మీద మోహమును పెంచెడి పోటీలో ధనము తలుపు వెనుక నిలుచుండియే ఉండును. వసతిగృహములో నలుగురు పంచుకొన్న గదిలో, మంచము క్రింద ఇనుప పెట్టె తప్ప మరేమియు లేనివాడు ఏమి సేకరించును? దీనికి ఆక్స్‌ఫర్డువారు చేసిన ఏర్పాటొకటి కొంత విరుగుడు. గెలిచిన విద్యార్థికి నగదుతో పాటు, గ్రంథాలయము కొరకు ఒక పుస్తకము ఎంపిక చేసెడి హక్కునిచ్చి, దానికి వేరుగా సొమ్ము కేటాయించినారు. తన సేకరణలోని చూపును విద్యార్థి అందరి అరలోనికి ఒక పుస్తకముగా చేర్చును. మన విశ్వవిద్యాలయములలో ఇట్టి పోటీ ఎవరైన పెట్టదలచిన, నగదు తగ్గించియైన ఈ భాగమును ఉంచవలెనని కోరుచున్నాను.

నా ఎరుకలోని విద్యార్థి యొకడు, తండ్రి చిన్న పట్టణములో సినిమాహాలు ద్వారము దగ్గర టికెట్లు చించెడి పనిలో ఉండెడివాడు, చలనచిత్రముల పాటల పుస్తకములు నలువది వరకు దాచినాడు. ఇవి పుస్తకముల క్రిందికి వచ్చునా అని నన్ను అడిగినాడు. వచ్చును, జాబితా వ్రాసి తెమ్మన్నాను. వ్యాసము వలదన్నాను. పది దినములకు మూడు పుటలు వ్రాసి తెచ్చినాడు. వానిలో సగమునకు పైగా ముద్రణసంవత్సరము లేనివి. చిత్రము మరల ఆడినప్పుడెల్ల అదే అట్టతో మరల అచ్చొత్తినవి. అతడు వెలను చూచినాడు. అణాలలో ఉన్నవానిని ఒక వరుసలో పెట్టినాడు. నయాపైసలలో ఉన్నవానిని మరియొక వరుసలో పెట్టి, ఇవి 1957 ఏప్రిలు తరువాతివి, 1964 జూనులో నయా అన్న మాట తొలగినది గనుక చాలవరకు అంతకు ముందటివి అని వ్రాసినాడు. ఆ ప్రకారము 1951లో వచ్చిన ఒక చిత్రపు పాటల పుస్తకము, అందరును తొలిముద్రణమనుకొనెడిది, ఆరేండ్లకు పైబడిన తరువాతి ముద్రణమని తేలినది. పదునాలుగవ పుస్తకము ఎదుట మాత్రము ప్రశ్నార్థకము ఉంచినాడు. దాని మీద అణాల వెల అచ్చులో ఉన్నది. దానిపై ఊదారంగు రబ్బరుముద్రతో నయాపైసల వెల కొట్టి ఉన్నది. అమ్ముడుపోని పాత ప్రతులా, పాత దిమ్మతో తీసిన క్రొత్త ప్రతులా అని నన్ను అడిగినాడు. కాగితమును వెలుతురుకు పట్టి ఇద్దరమును చాలసేపు చూచినాము.